తెయిజీ చెయ్యడం అంటే

మా లోయలో ఈ మధ్య పుట్టిన మాట ఒకటుంది. గోల్ దగ్గర నిలబడ్డవాడి చేతుల్లోంచి బంతి జారిపోతే "తెయిజీ చేశాడు" అంటారు. పెళ్ళికి ఫొటోలు తీస్తానని బయల్దేరినవాడు కెమెరాలో కార్డు పెట్టడం మరిచిపోయినా అదే మాట. అందరూ నమ్ముకున్నవాడు సరిగ్గా అవసరమైన పూటే చేతులెత్తేస్తే అది తెయిజీ చెయ్యడం. అది ఒక మనిషి పేరని చిన్నపిల్లలకి తెలియదు, బయటినుంచి వచ్చిన కోడళ్ళకీ తెలియదు. నాకు తెలుసు. ఆ మనిషి ప్రతినెలా మూడో మంగళవారం నా కుర్చీలో కూర్చుని జుట్టు కత్తిరించుకుని వెళ్తాడు.

నా పేరు ఒగిహారా. ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క సెలూన్ నాది. తెయిజీది వ్యవసాయ యంత్రాల రిపేరు షెడ్డు. ఇద్దరం ఒకే బడి, ఒకే తరగతి. మాతోపాటు కునియో అని ఇంకొకడు ఉండేవాడు. మా ముగ్గురినీ కలిపి పంతులుగారు "ముక్కాలిపీట" అనేవారు, ఒకడు లేకపోతే మిగతా ఇద్దరూ పడిపోతారని. కునియో మొన్న ఫిబ్రవరిలో పోయాడు.

ముప్ఫై ఏళ్ళ వయసులో నేనూ తెయిజీ ఒకే రోజు ఊరి అగ్నిమాపక దళంలో చేరాం. మాది జీతాల దళం కాదు. కర్ర కోసేవాడు, కూరలు పండించేవాడు, నాలాంటి కత్తెరవాడు, సైరన్ మోగితే పని పక్కన పడేసి పరిగెత్తేవాళ్ళం. కునియో మాత్రం చేరలేదు. తండ్రి చిన్నప్పుడే పోయాడు, తల్లి ఒక్కతే, రాత్రుళ్ళు ఆవిణ్ణి వదిలి రాలేనన్నాడు. మేమిద్దరం చేరిన రోజు, అప్పటి దళం పెద్ద, కర్రల అడితి ముసలాయన, మమ్మల్ని ఫైరింజను షెడ్డులో నిలబెట్టి అడిగిన మొదటి ప్రశ్న నిచ్చెన ఎక్కగలరా అని కాదు.

"మీ ఇద్దరిలో తాగనివాడెవడ్రా?"

నేను తల దించుకున్నాను. తెయిజీ చెయ్యెత్తాడు.

"నాకు పడదండి. ఒక్క చుక్కకే ఒళ్ళంతా ఎర్రబడిపోద్ది."

"గెకోవా!" అని ముసలాయన తొడ చరిచాడు. తాగితే పడనివాణ్ణి మేము గెకో అంటాం. "ఇన్నాళ్ళకి దొరికాడ్రా డ్రైవరు!"

అందరూ చప్పట్లు కొట్టారు. అలా తెయిజీ చేతికి ఫైరింజను తాళాలు వచ్చాయి. ముప్ఫై ఏళ్ళు ఆ తాళాలు అతని నడుం దాటి ఎక్కడికీ పోలేదు.

ఒక నిజం ఒప్పుకోవాలి. మందు లేకపోతే మా దళం ఏనాడో మూతపడేది. పొద్దస్తమానం ఒంటరిగా పొలాల్లో పనిచేసుకునే మగాళ్ళు నెలకి రెండుసార్లు పైపులు చుట్టడానికి ఊరికే వస్తారా? షెడ్డు వెనక గదిలో పొయ్యి, పొయ్యి మీద బియ్యపు సారా సాకే కాగే కూజా, పెట్టెనిండా బీరు. డ్రిల్లు అరగంట, మాటలు మూడు గంటలు. ఎవడి దూడ చచ్చిపోయింది, ఎవడి పెళ్ళాం అలిగింది, అన్నీ అక్కడే తెలిసేవి. మంటలోకి నా వెనక ఎవడొస్తాడో, ఎవడు రాడో కూడా నాకు అక్కడే తెలిసింది. తెయిజీ మా మధ్యనే కూర్చుని బార్లీ టీ తాగుతూ, మాకోసం ఎండు స్క్విడ్డు చేప కాల్చి చీలికలు చేసి పెట్టేవాడు. ఆఖర్న మమ్మల్ని ఒక్కొక్కణ్ణీ తన చిన్న ట్రక్కులో ఇళ్ళకి దింపేవాడు. నా భార్య అనేది, "మీ దళంలో మనిషి ఒక్కడే. మిగతావన్నీ సీసాలే" అని.

ప్రతి ఆదివారం ఎనిమిదింటికి వచ్చి ఫైరింజను స్టార్టు చేసి పది నిమిషాలు ఆడించేవాడు. చలికాలం ముందు ఇంజను మూతమీద దుప్పటి కప్పేవాడు. కొత్తగా చేరినవాళ్ళు, "పెళ్ళాన్ని కూడా ఇంత బాగా చూసుకోడు" అని వెనకాల నవ్వేవాళ్ళు. వినపడినా ఏమీ అనేవాడు కాదు. షెడ్డునుంచి రోడ్డుదాకా ఏటవాలు, కింద నది, జనవరిలో అద్దంలా మంచు. ఆ వాలుమీద ఇసక చల్లాలని మాలో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. అతను చల్లేవాడు.

నేను దళానికి హాన్‌చోని అయ్యాను. అంటే పదిమందికి పెద్ద. నోరున్నవాణ్ణి కాబట్టి అయ్యాను. వయసు ప్రకారం మేమిద్దరం ఎప్పుడో తప్పుకోవాలి. మా చోటుకి వచ్చే కుర్రాళ్ళు లేక ఉండిపోయాం.

ఏడేళ్ళ కిందటి జనవరి. కొత్త సంవత్సరం కవాతు రోజు. బడి మైదానంలో మంచుమీద వరసగా నిలబడ్డాం, ఆనవాయితీగా పైపులతో నదిమీదకి రంగునీళ్ళు చిమ్మాం, మేయరు నా కోటుకీ తెయిజీ కోటుకీ ముప్ఫై ఏళ్ళ సేవా పతకాలు గుచ్చాడు. మధ్యాహ్నానికి షెడ్డుకొచ్చి పడ్డాం. ముల్లంగి పులుసు ఉడుకుతోంది. ఒంటిగంటకే సగంమందికి కళ్ళు ఎర్రబడ్డాయి. ఎవడో మొదలెట్టాడు, ముప్ఫై ఏళ్ళ పతకానికి తెయిజీ గొంతులో ముప్ఫై చుక్కలైనా పడాలని. గదంతా తాళం వేస్తూ అందుకుంది.

"ఒక్కటి! ఒక్కటి! ఒక్కటి!"

తెయిజీ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "నాకు పడదురా బాబూ. బండుందిగా."

అప్పుడు నేను లేచాను. ఆ క్షణాన్ని ఇప్పటికి ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నానో లెక్కలేదు. ప్రతిసారీ నేను లేస్తూనే ఉంటాను. నా గిన్నె తుడిచి అతని చేతిలో పెట్టి, అంచులు పొర్లేలా పోశాను.

"హాన్‌చో పోసిన గిన్నె ఇది. తోసేస్తే నన్ను తోసేసినట్టే."

"ఒరేయ్ ఒగిహారా..."

"ఒగిహారా కాదు, ఇవాళ హాన్‌చోని. ముప్ఫై ఏళ్ళలో ఈ తారీకున ఎప్పుడైనా ఎక్కడైనా అంటుకుందా? ఈ ఒక్కరోజూ అంటుకోదులే. తాగు."

మాలో పెద్దవాడు పోసింది తోసెయ్యడం అంటే నలుగురిలో వాడి మొహంమీద తలుపు వేసినట్టు. అతనికి ఆ సంగతి తెలుసని నాకు తెలుసు. తెలిసే పోశాను. తెయిజీ ఒకసారి తలుపులోంచి ఫైరింజనువైపు చూశాడు. తర్వాత రెండు చేతులతో గిన్నె ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు.

మేమంతా అతని మొహం ఎర్రబడటం చూసి నవ్వుదామని ఎదురుచూస్తున్నాం. ఎర్రబడలేదు. కళ్ళు మూసుకుని, నాలుకమీద రుచి ఒక నిమిషం ఆపుకున్నట్టు ఆగి, నాకు మాత్రమే వినపడేలా, "బావుందిరా" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. అతనికి పడకపోవడం ఏమీ లేదు. ముప్ఫై ఏళ్ళ కిందట ఎవడో ఒకడు చెయ్యెత్తాలి కాబట్టి ఎత్తాడు, నేను ఎత్తలేదు కాబట్టి ఎత్తాడు. ఆ అబద్ధం ఒక్కటి నిలబెట్టుకోవడానికి ముప్ఫై ఏళ్ళు మా ఎదురుగా కూర్చుని బార్లీ టీ తాగాడు.

పది నిమిషాలైనా కాలేదు, సైరన్ మోగింది. ఫోనెత్తినవాడు అరిచాడు: కునియో వాళ్ళిల్లు. నూనె పొయ్యి బోర్లాపడింది. కునియో బజారుకి పట్నం వెళ్ళాడు. లోపల వాళ్ళమ్మ ఫుకు అవ్వ ఒక్కతే ఉంది.

కోట్లు తొడుక్కుంటూ బండిమీదకి ఎగబడ్డాం. తెయిజీ తలుపు దగ్గరే నిలబడిపోయాడు. తాళం చేతిలో ఉంది.

"ఎక్కరా!" అన్నాను.

"తాగాను."

"ఒక్క గిన్నె! అది తాగడమా?"

"తాగానురా. ముప్ఫై ఏళ్ళుగా ఒంటికి అలవాటు లేదు. తల తిరుగుతోంది, చెయ్యి చూడు." చెయ్యి చాపాడు. వణుకుతోంది. "ఆ వాలుమీద మంచు. వెనక పదకొండుమంది. బండి నదిలోకి పోతే అవ్వా దక్కదు, మీరూ దక్కరు."

"నేను నడుపుతా," అని ఎవడో తూలుతూ ముందుకొచ్చాడు. తెయిజీ తాళం చొక్కాలోకి జారవిడిచాడు.

తర్వాత అతను చేసినవి చేసినట్టు చెప్తాను, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. పక్క ఊరి దళానికి అతనే ఫోన్ చేశాడు. మూలనున్న చిన్న పంపుని చక్రాలబండిమీదకి ఎక్కించి, తాడు తన భుజానికి వేసుకుని పరుగెత్తాడు. మేము వెనకనుంచి తోశాం, పడ్డాం, లేచాం. ఒకడు దారిలో వాంతి చేసుకున్నాడు. కిలోమీటరున్నర. ఫైరింజనుకి నాలుగు నిమిషాల దారి మాకు ఇరవైరెండు నిమిషాలు పట్టింది. పక్క ఊరి బండి ఇంకా రాలేదు.

పైకప్పు అప్పటికే కూలింది. నదిలోకి పైపు వేసి నీళ్ళు పట్టాం. ఏం పట్టాం, బూడిదకి పట్టాం. ఫుకు అవ్వ మా ముగ్గురికీ చిన్నప్పుడు కాల్చిన చిలగడదుంపలు పెట్టి, మూతులు తన ఏప్రనుతో తుడిచిన మనిషి. వాకిలి తలుపు వెనకే దొరికింది. గొళ్ళెందాకా వచ్చింది.

కునియో కారు దిగేసరికి పొగ తెల్లబడింది. చేతిలో బజారు సంచి అలాగే ఉంది. తెయిజీ అరచేతుల్లో తాడు ఒరుసుకుని చర్మం లేచిపోయింది. ఆ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

ఇల్లు కాలినవాళ్ళు మూడోరోజున దళానికి సాకే సీసాలు తెచ్చివ్వడం మా ఆనవాయితీ. మీకు శ్రమ ఇచ్చాం, క్షమించండి అని. తల్లిని పోగొట్టుకున్నవాడికి ఈ మర్యాద ఎందుకని మీరు అడగచ్చు. మాలో అడగరు. కునియో నల్లకోటులో వచ్చాడు. తెల్లకాగితం చుట్టిన రెండు పెద్ద సీసాలు గడపమీద పెట్టి వంగాడు.

"మంచులో అంత దూరం బండి లాక్కొచ్చారటగా. అమ్మ తరఫున మీ అందరికీ దణ్ణాలు."

బండి మంచులో స్టార్టు కాలేదని ఊళ్ళో ఎవరో అతనికి చెప్పారు. మేమెవరం కాదనలేదు. పదకొండుమందిమి, ఒక్కడూ నోరు మెదపలేదు. తెయిజీ ఒక్కడే ముందుకొచ్చి నేలమీద మోకరిల్లి నుదురు ఆనించాడు.

"మంచు కాదు కునియో. బండి నడపాల్సింది నేను. తాగి ఉన్నాను."

కునియోకి అర్థం కాలేదు కాసేపు. "నువ్వా?" అన్నాడు. మళ్ళీ, "నువ్వా తెయిజీ?" అన్నాడు.

నేను అతనికి రెండడుగుల దూరంలో ఉన్నాను. "పోసింది నేను, బలవంతంగా పోశాను." ఇంతే మాట. నాలుకమీదకి వచ్చింది. మింగేశాను. కారణం ఏమిటంటే భయం. పెళ్ళాం మొహం ఎలా చూడాలి, సెలూన్‌లో మెడ అప్పగించి ఎవడు కూర్చుంటాడు అని. ఇంతకన్నా గొప్ప కారణం చెప్పాలని ఏడేళ్ళుగా వెతికాను, దొరకలేదు.

కునియో వంగి, పెట్టిన సీసాలు రెండూ మళ్ళీ ఎత్తుకున్నాడు. ఎవర్నీ ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ తెయిజీతో ఒక్క మాట మాట్లాడలేదు.

టౌన్‌హాలువాళ్ళు విచారణకి వచ్చారు. ఆనాటి డ్రైవరు ఎవరని అడిగారు, తాగాడా అని అడిగారు. తెయిజీ రెండింటికీ తలూపాడు. పోసిందెవరని వాళ్ళ కాగితంలో గడి లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ నెలాఖరుకల్లా చుట్టుపక్కల దళాల షెడ్లన్నిట్లో మందు నిషేధించారు. మా గదిలోంచి బీరు పెట్టె పట్టుకుపోయారు. తెయిజీ తాళాలు నా చేతిలో పెట్టి తప్పుకున్నాడు. రెండేళ్ళ తర్వాత నేనూ తప్పుకున్నాను, ప్రశంసాపత్రంతో.

ఆ రోజు సీసాలకి సీసాలు ఖాళీచేసిన మమ్మల్ని ఊరు క్షమించేసింది. పండగపూట, పాపం, తాగరా మరి అన్నారు. ఒక్క గిన్నె తాగినవాణ్ణి క్షమించలేదు. మొహం ఎర్రబడలేదన్న సంగతి కూడా పాకింది. "వీడు గెకోనా? మొదటినుంచీ చాటుగా తాగుతున్నవాడే" అన్నారు. మందు లేక కుర్రాళ్ళు దళం మానేస్తే, "ఎవడివల్ల ఈ బార్లీ టీ గతి?" అన్నారు. అలా నలుగురి నోళ్ళలో నాని నాని అతని పేరు మాటయిపోయింది. రిపేరుకి యంత్రాలు పట్నం తీసుకెళ్ళడం మొదలెట్టారు. అతను షెడ్డు ముందు కూర్చుని తన పాత దున్నే మిషనునే విప్పి, తుడిచి, బిగించుకునేవాడు.

నెలకొకసారి, అవ్వ పోయిన తారీకున, వెళ్ళి ఆవిడ సమాధి కడిగి వచ్చేవాడు. పక్కనే కునియో మడి. కునియో తల ఎత్తకుండా పని చేసుకునేవాడు. ఒకసారి తెయిజీ నా కుర్చీలో కూర్చుని చెప్పాడు:

"ఇవాళ కునియో నావైపు చూశాడనుకున్నానురా. కాదు. గాలికి టోపీ సర్దుకున్నాడంతే."

నేను కత్తెర ఆడిస్తూనే ఉన్నాను.

"ఒక్క మాటంటే చాలు నాకు. తిట్టినా పర్లేదు."

"అంటాడులే," అన్నాను. సిగ్గులేని నోరు, అంతకన్నా ఏమంటుంది? కునియో కూడా నా దగ్గరే జుట్టు కత్తిరించుకునేవాడు. అతనూ ఇదే కుర్చీలో కూర్చునేవాడు. ఏడేళ్ళు ఒకడి మెడా, ఇంకొకడి మెడా మార్చి మార్చి నా చేతుల్లో ఉన్నాయి. నిజం చెప్పడానికి నాకు ఊరు దాటక్కర్లేదు, నది దాటక్కర్లేదు. మొన్న డిసెంబరులో కునియో పాలిపోయి వచ్చాడు, జుట్టు పల్చబడింది. అప్పుడైనా చెప్పలేదు. ఫిబ్రవరిలో పోయాడు. అంత్యక్రియలకి తెయిజీ ఇంటిలోపలికి రాలేదు. గేటు బయట మంచులో నిలబడి, శవపేటిక కారు వెళ్ళేదాకా వంగిన నడుం ఎత్తలేదు.

మార్చిలో మూడో మంగళవారం. తెయిజీ మెడచుట్టూ తెల్లగుడ్డ కట్టి ఉంది. బెంచీమీద ఒక కోడలు పిల్ల, నగోయానుంచి కొత్తగా వచ్చింది, కొడుకుతో కూర్చుంది. వాడు జ్యూసు డబ్బా జారవిడిచాడు.

"అయ్యో, జాగ్రత్తగా పట్టుకోమన్నానా లేదా? చూడు, తెయిజీ చేశావ్!"

నా కత్తెర ఆగింది. అద్దంలో తెయిజీ కళ్ళు నా కళ్ళని చూశాయి. అతను నవ్వాడు. ఆ నవ్వులో నింద లేదు, అదే నాకు భరించరానిదయింది. గుడ్డతోనే పక్కకి వంగి, "ఏం పర్లేదమ్మా, తుడిస్తే పోద్ది" అన్నాడు ఆ అమ్మాయితో.

వాళ్ళు వెళ్ళాక తలుపు వేశాను. "ఏప్రిల్‌లో దళం సభ ఉంది. మందు మళ్ళీ పెట్టుకోవాలా వద్దా అని. పాతవాళ్ళని కూడా పిలిచారు. అందరిముందూ చెప్పేస్తాను. గిన్నె సంగతి మొత్తం. నువ్వూ రా."

తెయిజీ అద్దంలో నావైపు చూశాడు. "నీకు మనసు తేలికవుద్దంటే చెప్పు," అన్నాడు. అతనికి ఆశ పుట్టిందనుకున్నాను నేను.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి సభ. తెయిజీ నల్లకోటు వేసుకొచ్చాడు, ఏడేళ్ళలో ఆ షెడ్డు గడప తొక్కడం అదే మొదలు. ఆఖరి వరసలో కూర్చున్నాడు. ఇప్పటి హాన్‌చో కొహామా, నలభై లేని మనిషి, మంచివాడే. అతను లేచి చెప్పాడు: పన్నెండుమంది దళం అయిదుగురికి వచ్చింది, డ్రిల్లుకి వచ్చినవాళ్ళు ఫోన్లు చూసుకుని వెళ్ళిపోతున్నారు, ఒకడి పేరు ఇంకొకడికి తెలియదు, ఇలాంటివాళ్ళు మంటలో ఒకణ్ణొకడు లాక్కొస్తారా అని. అది అబద్ధం కాదు. ముందువరసలో ఒక నర్సమ్మ, దళంలో చేరిన మొదటి ఆడమనిషి, లేచింది. "స్నేహానికి సీసా ఎందుకండీ? సైరన్ మీ పార్టీ అయ్యేదాకా ఆగుద్దా?" అంది. అదీ అబద్ధం కాదు. చివరికి కొహామా, "తాగుదాం, కానీ ప్రతిసారీ ఒక డ్రైవరు ముట్టకూడదని రాసుకుందాం. అప్పుడు మళ్ళీ ఎవరూ తెయి..." అని నాలిక్కరుచుకున్నాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

నేను లేచాను. చెప్పాను. పతకం, తాళం వేస్తూ అరుపులు, నా గిన్నె, తోసేస్తే నన్ను తోసేసినట్టేనన్న మాట, ఎక్కడా అంటుకోదులే అన్న మాట, అన్నీ. బడిలో పాఠం అప్పజెప్పినట్టు ఒక్కటీ వదలకుండా చెప్పాను.

ఎవరో ముక్కు చీదారు. కొహామా కళ్ళలో నీళ్ళు.

"చూశారా," అన్నాడు. "ఇదీ ఆ కాలంవాళ్ళ స్నేహం. ఏడేళ్ళయినా స్నేహితుడి తప్పు తన నెత్తిన వేసుకుంటున్నారు ఒగిహారా-సాన్. ఇలాంటి మనుషులు ఈ షెడ్డులోనే తయారయ్యారు."

"కాదు," అన్నాను. "నిజంగానే నేను..."

"తెలుసు సార్, తెలుసు. మీది పెద్ద మనసు."

చప్పట్లు కొట్టారు. నాకు! నేను చేతులు ఊపుతున్నాను, వద్దు వద్దని, అది వినయం అనుకుని ఇంకా గట్టిగా కొట్టారు. నర్సమ్మ ఒక్కతే కొట్టలేదు. ఆవిడ వెనక్కి తిరిగి సూటిగా అడిగింది: "తెయిజీ-సాన్, మీరు చెప్పండి. ఈయన బలవంతం చేశారా?"

తెయిజీ మెల్లగా లేచాడు. అవునను, అవునను, అని లోపల మొక్కుకున్నాను.

"పోసింది ఇతనే," అన్నాడు. "తాగింది నేను."

అంతే అని కూర్చున్నాడు. మొదటి ముక్క ఎవరి చెవికీ ఎక్కలేదు. "ఆయనే ఒప్పుకున్నాడుగా" అని పక్కవాడు పక్కవాడితో అనడం విన్నాను. చేతులు ఎత్తించారు. మందు మళ్ళీ రావచ్చునని తేలింది.

ఇద్దరం నది గట్టున నడిచొచ్చాం. మంచు కరిగి నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి. నాకు ఒళ్ళు మండిపోతోంది, నామీద, వాళ్ళమీద, చివరికి అతనిమీద కూడా.

"బలవంతం చేశాడని ఒక్క మాట అంటే ఏం పోయేదిరా? ఆవిడ అడిగింది కదా! నమ్మేవాళ్ళు కదా!"

"ఎవరు?"

"వాళ్ళు! ఊరంతా!"

తెయిజీ ఆగాడు. గట్టు అవతల కునియో మడి కనిపిస్తోంది. ఈ ఏడు దున్నలేదు, నిరుటి మొదళ్ళు అలాగే ఉన్నాయి. అతను దాన్నే చూస్తూ, కోపం లేకుండా, నాకు లెక్క తప్పితే సరిదిద్దినట్టు చెప్పాడు.

"ఊరు నమ్మితే ఏం చేసుకోనురా నేను? నాకు ఒక్కడు నమ్మితే చాలు. వాడు ఫిబ్రవరిదాకా బతికే ఉన్నాడు."

ఏదో అనబోయాను. అతను వినడానికి ఆగాడు కూడా, ఎప్పటిలాగే మర్యాదగా. కాసేపు చూసి, "చలిగా ఉంది, ఇంటికెళ్ళు" అని, అతను కునియో మడి గట్టువెంట సమాధులవైపు వెళ్ళిపోయాడు. ఇప్పుడు అక్కడ కడగాల్సినవి రెండు ఉన్నాయి.